‘ఏ గేమ్ ఆడమంటావు?’ అని అడిగినవారికి జవాబు చెప్పడం ఎలా

‘మంచి గేమ్ ఏదైనా ఉంటే చెప్పు’ అని ఎవరైనా అడగగానే మనలో చాలామంది ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మనకు బాగా ఇష్టమైన గేమ్ పేరు చెప్పేస్తాం. అడిగినవారు మన మాట నమ్మి దాన్ని కొంటారు, రెండు సాయంత్రాలు ఆడి పక్కన పెడతారు, మళ్లీ కలిసినప్పుడు మర్యాదకు ‘బాగానే ఉంది’ అని మాట మారుస్తారు. అక్కడ తప్పు గేమ్‌దీ కాదు, ఆడినవారిదీ కాదు. మనం మన అభిరుచి చెప్పుకున్నాం తప్ప వారి అవసరం కనుక్కోలేదు. సిఫారసులో సగం పని గేమ్ పేరు నోటికి రాకముందే జరగాలి. పేరు చెప్పాక ఏయే విషయాలు దాచకుండా చెబుతామన్నది మిగిలిన సగం. ఈ రెండూ వరుసగా ఎలా చేయాలో కింద వివరిస్తున్నాను. ఎదురుగా కూర్చున్న స్నేహితుడికి చెప్పినా, ముక్కూ మొహం తెలియని వేలమంది చదివేలా రాసినా పద్ధతి దాదాపు ఒకటే.

మొదటి మెట్టు: చెప్పే ముందు అడగండి

ముందుగా అడగవలసింది, ఏ పరికరం మీద ఆడతారన్నది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని, సిఫారసులు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ కంప్యూటర్‌లో నడవాలంటే కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ ఖాళీ స్థలం ఉండాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3కి ఏకంగా 150 జీబీ స్థలం, అదీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) మీద, కావాలి. హాస్టల్‌లో ఉంటూ రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే విద్యార్థి దాన్ని దించుకోవడానికే రెండున్నర నెలలు పడుతుంది. అదే విద్యార్థికి, గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా చక్కగా నడిచే స్టార్‌డ్యూ వ్యాలీ, బలాట్రో, హాలో నైట్ వంటివి చెప్పవచ్చు. హాలో నైట్‌కు 4 జీబీ ర్యామ్, 9 జీబీ స్థలం చాలు. కంట్రోలర్ ఉందా, కీబోర్డు, మౌస్‌లతోనే ఆడాలా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

తరువాత, ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరో, మధ్యలో లేవవలసి వస్తుందో లేదో అడగండి. స్టార్‌డ్యూ వ్యాలీని అందరూ ‘తీరిగ్గా ఆడుకునే ఆట’ అంటారు. ఆ మాట నిజమే. కానీ అందులో ఒక రోజు గడవడానికి బయట దాదాపు 14 నిమిషాలు పడుతుంది, కంప్యూటర్‌లో ఆడేటప్పుడు మన పాత్ర రాత్రి పడుకున్నాకే ఆట సేవ్ అవుతుంది. కూరగాయలన్నిటికీ నీళ్లు పోసి, గనిలోకి దిగి ఐదంతస్తులు తవ్వాక ఇంట్లో ఎవరో పిలిచారని ఆట మూసేస్తే ఆ రోజు చేసిన పనంతా పోతుంది. పది నిమిషాలకోసారి లేవక తప్పని పసిపిల్లల తల్లికి ఈ ఒక్క వివరం, గేమ్ గురించిన పొగడ్తలన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది. హేడీస్‌లో అలా కాదు. అక్కడ ఏ గదిలో ఆపి వెళ్లినా మళ్లీ ఆ గది మొదటి నుంచి అందుకోవచ్చు. బీజీఎంఐ, డోటా 2 వంటి ఆన్‌లైన్ గేమ్‌లలో మాత్రం మ్యాచ్ మొదలైతే అరగంటో, ముప్పావుగంటో కదలడానికి వీలుండదు. లేచి వెళ్లిపోతే నష్టపోయేది మనం ఒక్కరమే కాదు, జట్టులోని మిగిలినవారు కూడా.

మూడో ప్రశ్న నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. ‘మీకు ఏ గేమ్‌లు ఇష్టం?’ అని అందరూ అడుగుతారు. దానికి బదులు, ‘ఏ గేమ్‌ను మధ్యలో వదిలేశారు, సరిగ్గా ఎక్కడ వదిలేశారు?’ అని అడిగి చూడండి. ఇష్టాల గురించి అడిగితే పేరున్న గేమ్‌ల జాబితా వస్తుంది. వదిలేసిన చోటు గురించి అడిగితే మనిషి తెలుస్తాడు. ‘దారి తెలియక ఒకే చోట తిరిగి తిరిగి విసుగొచ్చింది’ అన్నవారికీ, ‘ఒకే శత్రువు చేతిలో ఇరవై సార్లు చచ్చాను’ అన్నవారికీ, ‘మాటలు ఎక్కువ, ఆట తక్కువ’ అన్నవారికీ ఒకే గేమ్ చెప్పలేం. ‘తల తిరిగింది, వాంతి వచ్చినట్టు అయింది’ అని ఎవరైనా అంటే, అది ఫస్ట్ పర్సన్ గేమ్‌ల వల్ల, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడేవాటి వల్ల, కొందరికి నిజంగా కలిగే ఇబ్బంది. వారికి మనిషి వీపు కనబడే గేమ్‌లనో, పైనుంచి చూసే గేమ్‌లనో సూచించండి. ఫస్ట్ పర్సనే ఆడాలనుకుంటే, సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద కనబడే వెడల్పు) పెంచి, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం), కెమెరా ఊగడం ఆపేస్తే చాలామందికి కొంత తేలికపడుతుందని చెప్పండి.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు తరచుగా వచ్చే జవాబు ఒకటుంది. ఇప్పుడు ముప్పై ఐదు దాటినవారిలో చాలామంది నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి, 2002 నాటి జీటీఏ వైస్ సిటీ, ఆ వెంటనే వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడి, ఉద్యోగంలో పడి ఆపేసి, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నవారు. ‘వైస్ సిటీ లాంటిది చెప్పు’ అంటారు. వెంటనే సుదీర్ఘమైన కథ ఉన్న రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పేరు చెప్పకండి. నెట్ సెంటర్‌లో వైస్ సిటీ మిషన్లు వరసగా పూర్తి చేసినవారు అరుదు. ‘పాంజర్’ అని టైప్ చేసి ట్యాంకు తెప్పించుకుని ఊరంతా తొక్కుకుంటూ తిరిగినవారే ఎక్కువ. వారు వెతుకుతున్నది కథను కాదు, కూర్చోగానే దొరికే అల్లరిని. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గొప్ప గేమే గాని, మంచు కొండల్లో గుర్రాల మీద నెమ్మదిగా సాగే మొదటి అధ్యాయమే వారి ఓపికను తినేస్తుంది.

ఒంటరిగా ఆడతారా, తోడు ఉందా అన్నది ఇక మిగిలిన ప్రశ్న. భార్యాభర్తలో, అక్కాచెల్లెళ్లో కలిసి ఆడాలనుకుంటే, 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ఇద్దరు లేకుండా అసలు ఆడలేని గేమ్. ఒకరు కొంటే రెండోవారు వేరే ఇంట్లో ఉన్నా ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా కలిసి ఆడవచ్చు. అన్న డల్లాస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటే మాత్రం వేలు కదిపిన మరుక్షణం ఫలితం తేలే షూటింగ్ గేమ్‌లు చెప్పకండి. అంత దూరం నుంచి పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎంత పెరుగుతుందంటే, ఎదుటివాడు కనబడేసరికే మన పాత్ర నేలకూలి ఉంటుంది. పైగా ఒకరికి తెల్లవారేసరికి ఇంకొకరికి పొద్దుగూకుతుంది. అలాంటివారికి వంతులవారీగా సాగే సివిలైజేషన్ 6 నప్పుతుంది. అందులోని ప్లే బై క్లౌడ్ పద్ధతిలో ఒకరు తమ వంతు ఆడి పడుకుంటే, రెండోవారు లేచాక తమ వంతు ఆడుకోవచ్చు.

భాష సంగతి మనం మరిచిపోతుంటాం. డిస్కో ఎలీసియమ్‌లో పది లక్షలకు పైగా పదాలున్నాయి, అది తెలుగులో లేదు. ఇంగ్లిష్ చదవడం కష్టంగా ఉన్న తమ్ముడికి దాన్ని చెబితే ఆట కాస్తా పరీక్ష అవుతుంది. అతనికి మాటలు తక్కువగా ఉండి, చేతులతో అర్థమయ్యే గేమ్ వెతకండి.

రెండో మెట్టు: మీరు ఏ స్థితిలో ఆడారో చెప్పండి

అభిప్రాయం చెప్పే ముందు నాలుగు విషయాలు బయటపెట్టడం అలవాటు చేసుకోండి: ఎన్ని గంటలు ఆడారు, పూర్తి చేశారా, ఏ పరికరం మీద ఆడారు, ఏ సంవత్సరంలో ఆడారు. ఈ వివరాలు లేకపోతే మీ మాటను ఎంతవరకు నమ్మాలో వినేవారికి తెలియదు. ఐదు గంటలు ఆడి చెప్పినా తప్పు లేదు, ఐదు గంటలేనని చెబితే చాలు.

సంవత్సరం ఎందుకంటే, నేటి గేమ్‌లు విడుదలయ్యాక కూడా మారుతూ ఉంటాయి. సైబర్‌పంక్ 2077 డిసెంబర్ 2020లో వచ్చినప్పుడు పాత కన్సోళ్ల (టీవీకి కలిపి ఆడే గేమ్ యంత్రాల) మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది. మళ్లీ అమ్మకానికి పెట్టడానికి 2021 జూన్ వరకు పట్టింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ నైపుణ్యాల అమరికను, పోలీసుల ప్రవర్తనను, మరెన్నింటినో మార్చివేసింది. 2020లో ప్లేస్టేషన్ 4 మీద ఆడినవారు ‘చెత్త’ అన్నా, 2024లో మంచి కంప్యూటర్ మీద ఆడినవారు ‘అద్భుతం’ అన్నా ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నో మ్యాన్స్ స్కై కథా ఇటువంటిదే: 2016లో తిట్లు తిని, 2018లో వచ్చిన నెక్స్ట్ అప్‌డేట్‌తో కలిసి ఆడే సౌకర్యం సంపాదించి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఉచితంగా పెరుగుతూ వచ్చింది. కాబట్టి పాత అభిప్రాయాన్ని కొత్తగా ఎవరికైనా చెప్పేటప్పుడు, ఇప్పుడది ఎలా ఉందో ఒకసారి చూసి చెప్పండి.

గేమ్ మీకు ఉచితంగా వచ్చిందా, ఎవరైనా డబ్బిచ్చి చెప్పమన్నారా అన్నది కూడా దాచకూడదు. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారు ఆ సంగతి స్పష్టంగా చూపాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

మూడో మెట్టు: విశేషణాలు తగ్గించి, ఆటగాడు చేసే పని చెప్పండి

‘గ్రాఫిక్స్ సూపర్, మ్యూజిక్ వేరే లెవెల్, తప్పకుండా ఆడాల్సిందే’ అన్న మాట ఏ గేమ్‌కైనా అతుకుతుంది. అందువల్లే అది ఏ గేమ్ గురించీ ఏమీ చెప్పదు. దాని బదులు, ఆ గేమ్‌లో పది నిమిషాల పాటు ఏం జరుగుతుందో కళ్లకు కట్టేలా చెప్పండి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చెందిన చిన్న బృందం టీమ్ చెర్రీ 2017లో విడుదల చేసిన హాలో నైట్‌నే తీసుకుందాం. ‘అన్వేషణ బాగుంటుంది’ అని ఊరుకుంటే వినేవారికి ఏమీ అందదు. జరిగేది చెప్పి చూడండి.

నేల కింద పాడుబడిన పురుగుల రాజ్యంలో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడు చేతిలో మ్యాప్ ఉండదు. చీకట్లో ఎటు వెళుతున్నామో తెలియకుండా తిరుగుతుంటే ఒకచోట నేల మీద కాగితపు ముక్కలు కనబడతాయి, దూరం నుంచి ఎవరో కూనిరాగం తీస్తున్న చప్పుడు వినబడుతుంది. ఆ రాగం వెంట వెళితే కార్నిఫర్ అనే పటాల తయారీదారు కూర్చుని గీసుకుంటూ ఉంటాడు. అతని దగ్గర కొనుక్కునే మ్యాప్ కూడా సగమే. మిగతాది మనం తిరిగి, బల్ల కనబడిన చోట కూర్చుంటేనే నిండుతుంది, దానికీ ముందుగా కలం కొనుక్కోవాలి. మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో తెలియాలంటే, అతని భార్య నడిపే దుకాణంలో దిక్సూచి కొని, మరో ఉపయోగకరమైన తాయెత్తును వదులుకుని మరీ దాన్ని ధరించాలి. చనిపోతే సంపాదించిన డబ్బంతా అక్కడే మన నీడ దగ్గర ఉండిపోతుంది. తిరిగి వెళ్లి ఆ నీడను ఓడించేలోపు మరోసారి చనిపోతే అది పోయినట్టే.

ఈ వివరణ విన్న ఇద్దరిలో ఒకరు ‘భలే ఉందే’ అంటారు, మరొకరు ‘దారి తప్పడానికి కూడా డబ్బులు కట్టాలా?’ అంటారు. మీ సిఫారసు ఆ ఇద్దరికీ సమానంగా ఉపయోగపడింది. నా వరకు నాకు, ఎదుటివారిని ఒప్పించడం కంటే వారు త్వరగా తేల్చుకునేలా చేయడమే సిఫారసు చేసేవారి పనిగా తోస్తుంది.

గేమ్ రకాలకు ఉన్న పేర్లు, అంటే సోల్స్‌లైక్, రోగ్‌లైక్, మెట్రాయిడ్‌వేనియా వంటివి, తెలిసినవారి మధ్య సమయాన్ని ఆదా చేస్తాయి. కొత్తవారి దగ్గర వాటిని వాడితే, తెలియదని చెప్పలేక తల ఊపి ఊరుకుంటారు.

నాలుగో మెట్టు: కష్టాన్ని, లోపాన్ని ముందే చెప్పండి

ఏ గేమ్ పేరు చెప్పినా, అది ఎవరికి నచ్చకపోవచ్చో ఒక్క వాక్యమైనా కలపండి. ముఖ్యంగా కష్టం విషయంలో మొహమాటం వద్దు. ఇదివరకు కంట్రోలర్ పట్టుకోని మనిషికి ఎల్డెన్ రింగ్ చేతికివ్వడం, ఈత రానివాడిని నేరుగా దిగుడుబావిలోకి తోసినట్టే ఉంటుంది. కష్టం ఉందని చెబితే సరిపోదు, దాన్ని తగ్గించుకునే వీలుందో లేదో కూడా చెప్పాలి. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన గేమే. అయితే అందులోని అసిస్ట్ మోడ్‌తో ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా, దెబ్బ తగలకుండా కూడా చేసుకోవచ్చు. హేడీస్‌లో గాడ్ మోడ్ పెడితే మొదటే 20 శాతం దెబ్బ తగ్గుతుంది, చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం కలుస్తూ 80 శాతం దాకా వెళుతుంది. 2019 నాటి సెకీరోలో అటువంటి సదుపాయమేదీ లేదు. కష్టమైన గేమ్‌ను సులువు చేసుకుని ఆడేవారిని ఎగతాళి చేసే అలవాటు కొందరిలో ఉంది. అది నాకు బొత్తిగా అర్థం కాదు. డబ్బు వారిది, సాయంత్రం వారిది.

పిల్లల కోసం అడిగే తల్లిదండ్రులకు వయసు రేటింగ్ ఒక్కటే చెప్పి వదిలేయకండి. పేకముక్కలతో ఆడే బలాట్రోలో నిజమైన డబ్బు పందెం లేకపోయినా, పోకర్ పోలిక ఉందని యూరప్‌లోని పెగీ సంస్థ 2024లో 18 ఏళ్లు దాటినవారికి మాత్రమేనని ముద్ర వేసి, 2025లో దాన్ని 12కి మార్చింది. గేమ్ అదే, రేటింగ్ మారింది. కాబట్టి రక్తం ఎంత కనబడుతుంది, అపరిచితులతో వాయిస్ చాట్ ఉందా, లోపల డబ్బు అడుగుతుందా అన్న మూడూ మీరే విడివిడిగా చెప్పండి.

ఐదో మెట్టు: డబ్బు లెక్క తేల్చండి

ధర చెప్పడం సులువు, నిజమైన ఖర్చు చెప్పడమే కష్టం. గెన్షిన్ ఇంపాక్ట్ దించుకోవడానికి రూపాయి కూడా అక్కర్లేదు. కానీ అందులో కొత్త పాత్రలను లాటరీ పద్ధతిలో పొందాలి. అత్యున్నత శ్రేణి పాత్ర ఒక్క ప్రయత్నంలో తగిలే అవకాశం 0.6 శాతం, 90వ ప్రయత్నానికి గాని ఖాయంగా రాదు. ‘ఉచితం’ అని చెప్పేవారు ఈ అంకెలు కూడా చెప్పాలి. చేతిలో నిగ్రహం ఉన్నవారికి అది నిజంగా ఉచితంగా దొరికే పెద్ద గేమ్. నిగ్రహం లేనివారికి ఎంత ఖరీదవుతుందో ఎవరూ చెప్పలేరు.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజులలోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే తిరిగి ఇచ్చి డబ్బు పొందవచ్చు. ఈ నియమం మీ శ్రోతకు తెలియకపోవచ్చు, తప్పకుండా చెప్పండి. దానితోపాటు, మొదటి రెండు గంటల్లో ఆ గేమ్ అసలు రూపం బయటపడుతుందో లేదో కూడా చెప్పండి. పోర్టల్ రెండు గంటల్లో తన స్వభావమంతా చూపిస్తుంది, మొత్తం ఆట కూడా మూడు నాలుగు గంటలదే. హాలో నైట్‌లో అలా కాదు. గాలిలో దూసుకుపోయే శక్తి చేతికి వచ్చేదాకా నడక మందకొడిగా ఉంటుంది, అది రావడానికి చాలామందికి రెండు గంటలు దాటుతుంది. తొందర లేనివారికి స్టీమ్ వేసవి, శీతాకాలపు సేల్‌ల దాకా ఆగమనండి. ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చేవాటిని తీసిపెట్టుకోమనండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. డబ్బు పందెంగా పెట్టి ఆడే రమ్మీ, పోకర్ యాప్‌లను వీడియో గేమ్‌ల సరసన కూర్చోబెట్టి, రిఫరల్ కోడ్ జతచేసి ‘ఇది ట్రై చెయ్యి బావా’ అని పంపడం సిఫారసు కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం వాటిని ప్రచారం చేయడం కూడా నేరమే.

ఆరో మెట్టు: ఎంత చెప్పాలో అంతే చెప్పండి

కథ చెప్పేయకూడదన్నది అందరికీ తెలుసు. అయితే కొన్ని గేమ్‌లలో కథకంటే పెద్ద రహస్యం ఆట నడిచే తీరులోనే ఉంటుంది. 2019లో వచ్చిన ఔటర్ వైల్డ్స్‌లో ఆయుధాలు పెరగవు, శక్తులు పెరగవు. మొదటి నుంచి చివరి దాకా పెరిగేది ఆటగాడికి తెలిసిన విషయం ఒక్కటే. అందులో ఏ గ్రహం మీద ఏముందో చెప్పడమంటే వారి బదులు మనమే ఆడేయడం. ‘చిన్న అంతరిక్ష నౌకలో ఓ చిన్న సౌరమండలమంతా తిరుగుతూ, మనకంటే ముందు అక్కడ ఉన్నవారికి ఏమైందో కనుక్కోవాలి, ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు, నడిపేటప్పుడు మొదట్లో నౌకను నేలకేసి కొడతావు, కంగారు పడకు’ అని చెబితే చాలు, నేనూ ఇంతకు మించి చెప్పను. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ కూడా అటువంటిదే. ఓడలోని 60 మంది ఎవరెవరో, ఎవరికి ఏ గతి పట్టిందో ఊహించడమే ఆట, మూడు ఊహలు సరిపోయినప్పుడల్లా ఆట ఔనంటుంది. దారిలో చిక్కుకున్న స్నేహితుడు సాయం అడిగితే జవాబు చెప్పకండి, ‘యాస విన్నావా? బట్టలు చూశావా?’ అని ఎటు చూడాలో మాత్రం చూపించండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపితే ఒక సిఫారసు ఇలా ఉంటుంది:

‘తమ్ముడూ, నీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదన్నావు కాబట్టి హాలో నైట్ చూడు. నేను రెండేళ్ల కిందట కంప్యూటర్‌లో కంట్రోలర్‌తో నలభై గంటలు ఆడి ముగించాను. పాడుబడిన రాజ్యంలో మ్యాప్ లేకుండా దారి వెతుక్కోవడం, కత్తితో చిన్న చిన్న పోరాటాలు, పెద్ద శత్రువుల చేతిలో చాలాసార్లు చావడం, ఇదీ ఆట. కష్టాన్ని తగ్గించుకునే వీలు లేదు. ఆ ముందు గేమ్ దారి తెలియక వదిలేశానన్నావు, ఇందులోనూ దారి తప్పుతావు. కాకపోతే దారి తప్పినప్పుడల్లా ఏదో ఒకటి దొరుకుతుంది. మాటలు తక్కువ, ఇంగ్లిష్‌తో ఇబ్బంది ఉండదు. సేల్‌లో కొను. మొదటి పెద్ద శత్రువు దాకా ఆడి, నచ్చకపోతే రెండు గంటలు దాటకముందే వెనక్కి ఇచ్చేయి. నచ్చితే దీని తరువాతి భాగం సిల్క్‌సాంగ్ 2025లో వచ్చింది, అది ఇంకా కష్టం, ముందు దాని జోలికి పోకు.’

ఏడో మెట్టు: ఇతరుల అభిప్రాయాలను, అంకెలను తూచి వాడండి

మీరు ఆడని గేమ్ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఇతరుల మాట మీద ఆధారపడక తప్పదు. అప్పుడు అంకెల అర్థం తెలిసి ఉండాలి. స్టీమ్‌లో ‘ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్’ అని కనబడితే, అభిప్రాయం రాసినవారిలో నూటికి 95 మందికి పైగా ‘ఆడవచ్చు’ అన్నారని అర్థం, పదికి తొమ్మిదిన్నర మార్కులు వేశారని కాదు. వందమందికీ ఓ మోస్తరుగా నచ్చిన గేమ్, తొంభై మందికి ప్రాణంగా, పదిమందికి విసుగుగా అనిపించిన గేమ్ కంటే పైన కనబడుతుంది. అందువల్ల శాతం చూసి ఆగకుండా, వ్యతిరేకంగా రాసినవాటిలో పొడుగ్గా ఉన్నవి నాలుగైదు చదవండి. వారు తప్పుపట్టినదే మీ స్నేహితుడికి కావలసినది కావచ్చు. ‘పోరాటాలే లేవు’ అన్న ఫిర్యాదు కొందరికి ఆహ్వానపత్రిక.

ఉన్నట్టుండి ప్రతికూల అభిప్రాయాలు వెల్లువెత్తితే కారణం ఆటలో లేకపోవచ్చు. 2024 మే నెలలో హెల్‌డైవర్స్ 2ను స్టీమ్‌లో ఆడేవారు ప్లేస్టేషన్ ఖాతా తెరిచి తీరాలని సోనీ ప్రకటించగానే కొద్దిరోజుల్లో లక్షకు పైగా ప్రతికూల అభిప్రాయాలు వచ్చిపడ్డాయి, సోనీ వెనక్కి తగ్గింది. ఆ కోపం న్యాయమైనదే గాని, తుపాకులు బాగా పేలుతాయా లేదా అని తెలుసుకోవాలనుకున్నవారికి అది జవాబు కాదు. 2020 జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విడుదలైన రోజునే, అంత పొడవైన ఆట పూర్తి చేయడానికి వ్యవధి కూడా లేకముందే, సమీక్షల మార్కులను ఒకచోట చేర్చి చూపే మెటాక్రిటిక్ సైట్‌లో వేలమంది సున్నాలు వేశారు. ఆ తరువాతే ఆ సైట్, విడుదలయ్యాక 36 గంటలు గడిస్తేగాని ఆటగాళ్లు మార్కులు వేయకుండా ఆపింది.

మీరు మార్కులు వేయకుండా ఉండగలిగితే మంచిదంటాను. 2010లో వచ్చిన ఫాల్అవుట్ న్యూ వేగస్‌కు మెటాక్రిటిక్‌లో 85 వస్తే తయారుచేసిన అబ్సిడియన్ స్టూడియోకు బోనస్ దక్కాల్సి ఉండగా 84 వచ్చి అది తప్పిపోయిందని ఆ స్టూడియోవారే 2012లో బయటపెట్టారు. 84కీ 85కీ తేడా ఏమిటో ఆడిన ఎవరూ చెప్పలేరు.

ఎనిమిదో మెట్టు: విభేదం వచ్చినప్పుడు

మీరు మెచ్చుకున్న గేమ్‌ను ఎవరైనా చెత్త అంటే, ముందు ఏ భాగం గురించి అంటున్నారో అడగండి. తొంభై శాతం వాదాలు ఇద్దరూ వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నందువల్ల పుట్టినవే. ఒకరు కథ గురించి అంటారు, మరొకరు పోరాటం గురించి. ఒకరు ఆన్‌లైన్ భాగమే ఆడి ఉంటారు, మరొకరు దాని వైపు చూసి కూడా ఉండరు. ‘నువ్వు సరిగ్గా ఆడలేదు’ అన్న మాట ఎప్పుడూ అనకండి. ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. ‘ఇంకో ఇరవై గంటలు ఆడితే బాగుంటుంది’ అన్నది కూడా సమర్థన కాదు, నిజానికి అది ఆ గేమ్ మీద వచ్చిన ఫిర్యాదే. కంపెనీల తరఫున, కన్సోళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడం మరీ అనవసరం.

చివరి మెట్టు: వారం తరువాత అడగండి

సిఫారసు చేసిన వారం, పదిరోజులకు ‘ఎలా ఉంది?’ అని కాకుండా ‘ఎక్కడిదాకా వచ్చావు?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు మొహమాటపు జవాబు వస్తుంది, రెండోదానికి ఉన్న మాట వస్తుంది. మొదటి గంటలోనే ఆపేశారని తెలిస్తే చిన్నబుచ్చుకోకుండా కారణం కనుక్కోండి. ఆ కారణమే మీ తరువాతి సిఫారసుకు ఆధారం. మీరు రాతపూర్వకంగా అభిప్రాయం పెట్టి ఉంటే, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాతదాన్ని చెరిపేయకుండా, కింద తేదీ వేసి ఏం మారిందో రెండు వాక్యాలు చేర్చండి. గేమ్ ఆన్‌లైన్‌దైతే సర్వర్లలో ఇంకా జనం ఉన్నారో లేదో కూడా అప్పుడే చూసి రాయండి, ఎందుకంటే మీరు ఆడిన రోజుల్లో అరనిమిషంలో దొరికిన మ్యాచ్ ఇప్పుడు పావుగంట ఎదురుచూసినా దొరకకపోవచ్చు.